దోషమునకు సరియైన పేరు

గడచిన విద్యా సంవత్సరమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక తల్లి లేచి మమ్ములను ఇట్లు అడిగినది: "అయ్యా, మావాడి ప్రోగ్రెసు కార్డులో లెక్కల్లో మందం అని రాశారు. అంగడికి పంపితే చిల్లర లెక్క నోటితోనే చెప్తాడు. మరి వాడికి రానిది ఏదండీ?"

అప్పటికి మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. మరునాడు ఆ బాలుని ఉత్తర పత్రములను తీసి ఒక్కొక్క ప్రశ్నను పరిశీలించితిమి. అంకెలు మాత్రమే యున్న లెక్కలన్నియు సరిగానే యున్నవి. వాక్యరూపమున నున్న లెక్కలు మాత్రమే తప్పినవి. ఆ ప్రశ్న పత్రము ఈ రాష్ట్రపు భాషలో అచ్చయినది. బాలుడు లెక్క తెలియక తప్పలేదు. ప్రశ్న తెలియక తప్పినాడు. దోషమున్న మాట నిజమే. కాని మేము దానికి పెట్టిన పేరు తప్పు. పేరు తప్పుటచే మందు కూడ తప్పినది. ఆరు నెలలు వానిని సాయంకాలపు లెక్కల తరగతిలో కూర్చుండబెట్టితిమి. వానికి కావలసినది భాషా పాఠము.

ఈ అనుభవము కలిగిన పిమ్మట మేము ఒక విషయమును శ్రద్ధగా చదివితిమి. దోషములకు పేరు పెట్టుటయే నిత్యకృత్యముగా గల ఒక వృత్తి నేడు లోకమున నున్నది. అది కంప్యూటరునకు కంపైలరులను నిర్మించువారి వృత్తి. వారి పద్ధతిని తల్లిదండ్రులకు పరిచయము చేయుట ఈ వ్యాసము ఉద్దేశము. పై తరగతుల పిల్లలు ఈ విద్యను నేర్చుచున్నారు గనుక ఇది వారికి ఉపకరించును. పిల్లల తప్పులను దిద్దవలసిన మనకును ఇందులో నేర్వదగినది కలదు.

కంపైలరు అనగా నేమి?

కంప్యూటరు యంత్రాదేశములను మాత్రమే గ్రహించును. అవి సున్నలు, ఒకట్ల వరుసలు. మనుష్యుడు అట్టి వరుసలను చేతితో వ్రాయుట మిక్కిలి ప్రయాస. అందుచే సి, సి ప్లస్ ప్లస్, రస్ట్ మొదలగు భాషలు కల్పింపబడినవి. మనుష్యుడు ఆ భాషలలో ప్రోగ్రాము వ్రాయును. ఆ వ్రాతను యంత్రాదేశములుగా మార్చి యిచ్చు ప్రోగ్రామే కంపైలరు. గ్రేస్ హాపర్ అను అమెరికా దేశపు గణిత విదుషి 1952 ప్రాంతమున ఈ మాటను వాడుకలోనికి తెచ్చినది.

మనకు దీనిని వివరించుట సులభము. ఏలయన, మనలో ప్రతివాడును ఒక విధమైన దుబాసీయే. బరంపురమున నున్నవారు ఒడియాలోనికి, బళ్ళారిలో నున్నవారు కన్నడములోనికి, హోసూరులో నున్నవారు తమిళములోనికి, షోలాపురమున నున్నవారు మరాఠీలోనికి తమ ఇంటి మాటను మార్చి చెప్పుకొనుచునే యున్నారు. తాలూకా కచేరీలో ముసలి తల్లి పక్కన నిలిచి ఆమె మాటను గుమాస్తాకు తెలియజెప్పు మనుమడు చేయుపని యెట్టిదో, కంపైలరు చేయు పనియు నట్టిదే. ఆ మనుమడు ఒక మాట తప్పు చెప్పినచో ముసలి తల్లికి తెలియదు, గుమాస్తాకును తెలియదు. కాగితము మీద మాత్రము తప్పు నిలిచిపోవును.

ఫిర్యాదులు ఎట్లు వచ్చును?

కంపైలరు కూడ మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామే. అందును తప్పులుండును. కంప్యూటరు వారు తప్పును బగ్గు అందురు. బగ్గు అనగా పురుగు. ఈ వాడుక కంప్యూటరు కంటె పాతది. యంత్రములలోని చిక్కులకు థామస్ ఎడిసన్ 1878లోనే ఒక లేఖలో ఈ మాటను వాడియున్నాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయమున నిర్మితమైన మార్క్ టూ యంత్రములో నిజముగానే ఒక రెక్కల పురుగు చిక్కుకొనగా, అచటివారు దానిని దినచర్య పుస్తకములో అంటించి, పక్కన ఆ సంగతి వ్రాసి యుంచిరి.

నేడు విశేషముగా వాడుకలో నున్న కంపైలరులలో కొన్ని ఓపెన్ సోర్సు పద్ధతిలో నున్నవి. అనగా, వాని మూలము లోకమున కంతటికిని తెరచి యుంచబడినది. ఎవరైనను చదువవచ్చును, దిద్దుబాటు పంపవచ్చును, తప్పు కనబడినచో ఫిర్యాదు చేయవచ్చును. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి వెలువరించిన జి.సి.సి. అట్టిది. 2000 సంవత్సరమున అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే అనువారు ఆరంభించిన ఎల్.ఎల్.వి.ఎమ్. అట్టిది. 2015 మే 15న మొదటి స్థిరరూపము వెలువడిన రస్ట్ కంపైలరు అట్టిది.

ఫిర్యాదులు నిత్యము వచ్చుచునే యుండును. వానిని చూచువారు కొద్దిమంది. అందు పలువురు తీరిక వేళల పనిచేయువారు. ప్రతి ఫిర్యాదును మొదటి నుండి చివర వరకు చదివిన పిమ్మటనే ఏది ముఖ్యమో నిర్ణయింతమనిన సాధ్యము కాదు. అందుచే ఫిర్యాదు రాగానే దానికి ఒక సంఖ్యనిచ్చి, దాని స్వభావమును తెలుపు చిన్న చీటీలు తగిలింతురు. ఆ చీటీలనే లేబులు లందురు. జి.సి.సి. వారు ఇందుకై 1998లో పుట్టిన బగ్జిల్లా అను చిట్టా పద్ధతిని వాడుచున్నారు. ఎల్.ఎల్.వి.ఎమ్. వారును 2021 చివర వరకు దానినే వాడి, పిమ్మట తమ ఫిర్యాదులన్నిటిని గిట్‌హబ్ అను చోటికి మార్చుకొనిరి.

దుబాసీ చేయు తప్పులు

జి.సి.సి. వారి చీటీలలో ముఖ్యమైనవానిని దుబాసీ ఉపమానముతో చెప్పెదము.

1. రిజెక్ట్స్-వాలిడ్. చెప్పినవాడు సరిగానే చెప్పినాడు. దుబాసీ "ఇది భాష కాదు" అని త్రోసిపుచ్చినాడు. కంపైలరు సరియైన ప్రోగ్రామును నిరాకరించుట.

2. యాక్సెప్ట్స్-ఇన్‌వాలిడ్. చెప్పినది అర్థము లేని మాట. దుబాసీ తల యూపి అనువదించినాడు. కంపైలరు నియమ విరుద్ధమైన ప్రోగ్రామును అంగీకరించుట.

3. ఐస్-ఆన్-వాలిడ్-కోడ్. సరియైన మాట వినుచునే దుబాసీ స్పృహ తప్పి పడిపోయినాడు. ఐస్ అనునది 'కంపైలరు లోపలి దోషము' అను అర్థము గల మూడు ఆంగ్లపదముల తొలి అక్షరముల కూర్పు. మంచుగడ్డకు దీనికి సంబంధము లేదు. తప్పుడు ప్రోగ్రాము నిచ్చినప్పుడు పడిపోయినచో దానికి ఐస్-ఆన్-ఇన్‌వాలిడ్-కోడ్ అని వేరొక చీటీ కలదు. తప్పుడు మాట వినినను దుబాసీ తప్పును చెప్పవలెను గాని మూర్ఛిల్లరాదు గదా!

4. డయాగ్నాస్టిక్. దుబాసీ తప్పును పట్టుకొనినాడు. కాని "తప్పు మూడవ మాటలో నున్నది" అనుటకు బదులు ఐదవ మాటను చూపినాడు. కంపైలరు ఇచ్చు హెచ్చరిక అస్పష్టముగనో, తప్పుదారి పట్టించునదిగనో ఉండుట.

5. మిస్డ్-ఆప్టిమైజేషన్. అనువాదము సరియే, కాని నాలుగు మాటలతో పోవుదానికి నలువది మాటలు వాడినాడు. ఫలితము తప్పు కాదు, వేగము తక్కువ.

6. కంపైల్-టైమ్-హాగ్, మెమరీ-హాగ్. అనువాదమునకే గంటల కాలమో, మితిమీరిన జ్ఞాపకస్థలమో తినివేయుట.

7. రాంగ్-కోడ్. సరియైన మాటను వినినాడు, తడబడలేదు, హెచ్చరింపలేదు, చిరునవ్వుతో వేరొక మాట చెప్పినాడు. 'ఇవ్వవద్దు' అనిన దానిని 'ఇవ్వవలెను' అని మార్చినాడు.

ఈ ఏడవదానిని కంపైలరు నిర్మాతలు మిక్కిలి భయముతో చూతురు. మిగిలిన తప్పులలో దోషము తన్ను తాను చాటుకొనును. దుబాసీ మూర్ఛిల్లినచో అందరును చూతురు. రాంగ్-కోడ్ అట్లు కాదు. ప్రోగ్రాము నడచును, ఫలితము వచ్చును, ఆ ఫలితము తప్పు. ఆ ప్రోగ్రాము వంతెన బలమును లెక్కించునదైనను, మందు మోతాదును లెక్కించునదైనను కావచ్చును. వ్రాసినవాడు తన వ్రాతను పదిమారులు చూచుకొనినను తప్పు కనబడదు. ఏలయన, తప్పు వాని వ్రాతలో లేదు. ఎల్.ఎల్.వి.ఎమ్. వారు ఇట్టి దోషమునకే మిస్‌కంపైలేషన్ అను చీటీ వాడుదురు. ప్రోగ్రాము సురక్షితమని హామీ యిచ్చిన పిమ్మట ఆ హామీ నిలువని సందర్భమునకు రస్ట్ వారు ఐ-అన్‌సౌండ్ అను ప్రత్యేకమైన చీటీ నేర్పరచుకొనిరి.

ఇది ఊహామాత్రమైన భయము కాదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సి-స్మిత్ అను సాధనముతో యాదృచ్ఛికముగా సి ప్రోగ్రాములను పుట్టించి, పలు కంపైలరులకు ఇచ్చి చూచిరి. 2011లో ప్రకటించిన తమ పత్రములో, మూడు సంవత్సరములలో అంతకుముందు తెలియని 325కు పైగా దోషములను నిర్మాతలకు తెలిపితిమని వ్రాసిరి. వారు పరీక్షించిన ప్రతి కంపైలరును ఎక్కడనో ఒకచోట మూర్ఛిల్లినది. ప్రతి కంపైలరును ఎక్కడనో ఒకచోట మౌనముగా తప్పు అనువాదము చేసినది.

పేరును బట్టి వరుస

చీటీ తగిలించుటలోని ప్రయోజనము వరుసను నిర్ణయించుట. దీనిని వారు ట్రయాజ్ అందురు. యుద్ధభూమిలో గాయపడినవారిలో ఎవరిని ముందు చూడవలెనో నిర్ణయించు వైద్యుల పద్ధతికి గల పేరిది. ఎక్కువగా అరచువానిని ముందు చూచుట ట్రయాజ్ కాదు. నెత్తురు ఎవనికి కారుచున్నదో వానిని ముందు చూడవలెను.

వరుసను నిర్ణయించుటలో రిగ్రెషన్ అను భావము ముఖ్యము. నిన్నటి సంచికలో సరిగా నడచినది నేటి సంచికలో చెడినచో అది రిగ్రెషన్. ఎన్నడును రాని పాఠము రాకపోవుట వేరు. వచ్చిన పాఠము మరచిపోవుట వేరు. రెండవదానికి కారణము ఇటీవలి మార్పులలోనే యుండును గనుక వెదకుట సులభము. నమ్మినవారికి నష్టము కలుగును గనుక దిద్దుట అత్యవసరము. జి.సి.సి. వారు రిగ్రెషనులకు పి1, పి2 మొదలగు శ్రేణులను నిర్ణయింతురు. పి1 శ్రేణి రిగ్రెషన్ ఒక్కటి మిగిలియున్నను క్రొత్త సంచికను వెలువరింపరాదని వారి నియమము. ఒక చిన్న చీటీ లోకమంతయు ఎదురుచూచు సంచికను ఆపగలదన్న మాట.

రస్ట్ వారు చీటీల మొదటి అక్షరముతోనే జాతిని తెలుపుదురు. 'ఎ' తో మొదలైనది దోషమున్న చోటు. 'సి' తో మొదలైనది ఫిర్యాదు తరగతి. 'పి' తో మొదలైనది ప్రాధాన్యము. 'టి' తో మొదలైనది బాధ్యత గల బృందము. 'ఇ' తో మొదలైనది సహాయము కోరు పిలుపు. క్రొత్తగా వచ్చిన ఫిర్యాదునకు 'నీడ్స్-ట్రయాజ్' అను చీటీ యంత్రమే తగిలించును. 'దీనిని ఇంకను ఎవరును చూడలేదు' అని దాని భావము. చూడనిదానిని చూచినట్లు నటింపకుండుట కూడ ఒక క్రమశిక్షణయే.

చెల్లదు అను మాట

ప్రతి ఫిర్యాదును నిజమైన దోషము కాదు. ఒక ఉదాహరణము. సి భాషలో సాధారణమైన పూర్ణసంఖ్యకు నేటి యంత్రములలో 32 బిట్ల చోటుండును. అందు పట్టగల పెద్ద సంఖ్య 2147483647. దానికి ఒకటి కూడినచో ఏమగును? సి భాషా నియమములు దీనికి ఫలితమును నిర్ణయింపలేదు. ఏమైనను కావచ్చునని విడిచినవి. ఈ సంగతి తెలియనివాడు, తాను కోరిన ఫలితము రాలేదని కంపైలరుపై ఫిర్యాదు చేయును. పరిశీలకులు దానికి ఇన్‌వాలిడ్ అను చీటీ తగిలించి మూయుదురు. 'చెల్లదు' అని దాని అర్థము.

ఈ మాట కఠినముగా వినబడును. ఫిర్యాదు చేసినవాడు మనసు నొచ్చుకొనును. కాని అది ఫిర్యాదునకు తగిలించిన చీటీయే గాని మనుష్యునకు తగిలించినది కాదు. మంచి పరిశీలకుడు చీటీతో ఆగడు. నియమమేదో చూపి, ఏ హెచ్చరికలను వెలిగించి చూచిన తప్పు కనబడునో తెలిపి, అప్పుడు మూయును. అట్లు చేసినచో ఫిర్యాదుదారు ఒక పాఠము నేర్చి పోవును. కారణము చెప్పక మూసినచో మరల రాడు; రేపు నిజమైన రాంగ్-కోడ్ వాని కంట బడినను చెప్పడు. ఆ నష్టము కంపైలరుదే.

ఇంకొక మూత కలదు, డూప్లికేట్. ఇదే ఫిర్యాదు ముందే వచ్చియున్నదని అర్థము. జి.సి.సి. చిట్టాలో 323వ సంఖ్య గల ఫిర్యాదు ఈ విషయమున ప్రసిద్ధము. 2000 సంవత్సరమున వచ్చినది. పాత ఇంటెల్ యంత్రములలో దశాంశపు లెక్కలు చేయు భాగము 80 బిట్ల సూక్ష్మతతో లెక్కించును. ఫలితమును జ్ఞాపకస్థలమున నుంచునప్పుడు 64 బిట్లకు కుదించును. అందుచే ఒకే లెక్కను రెండు మారులు చేసి సరిపోల్చినను, ఒకటి కుదింపబడినది, మరియొకటి కుదింపబడనిది యగుటచే సమానము కాదని వచ్చును. ఇది చూచి ఆశ్చర్యపడినవారెందరో వేర్వేరుగా ఫిర్యాదులు చేసిరి. వారి ఫిర్యాదులన్నియు 323తో ముడివేయబడినవి. ముడివేయుటచే ఒక మేలు కలిగినది: ఎందరు ఈ రాయి తగిలి పడినారో ఒక్కచోట తెలిసినది. 2010లో వెలువడిన జి.సి.సి. 4.5 సంచికలో సి భాషకై ఈ ప్రవర్తనను నియమబద్ధము చేయు ఏర్పాటు చేర్చబడినది. ఒకే కష్టమును పదిమంది చెప్పినచో పదియవవానిని "ఇది పాత మాట" అని త్రోసివేయుట తగదు. పదిమంది చెప్పిరని లెక్క వ్రాసికొనుట తగును.

వెయిటింగ్ అను స్థితి వేరు. 'మీరు చెప్పినది చాలలేదు. మరికొంత సమాచారము కావలెను' అని దాని భావము. ఇది మూత కాదు. తెలియని చోట 'తెలియదు, అడిగియున్నాము' అని వ్రాయుటకు ఒక చీటీ యుండుట ఎంతయో మేలు. మా ప్రోగ్రెసు కార్డులో అట్టి గడి లేదు. ఉన్నచో ఆ బాలుని పేరు ఎదుట మేము తొందరపడి వ్రాసియుండకపోదుము.

మంచి ఫిర్యాదు వ్రాయు విధము

చీటీ సరిగా పడవలెననిన ఫిర్యాదు సరిగా వ్రాయవలెను. జి.సి.సి. వారు కోరునవి ఇవి: కంపైలరు సంచిక సంఖ్య ఖచ్చితముగా, యంత్రము జాతి, ఇచ్చిన ఆజ్ఞ పూర్తిగా, కంపైలరు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్లు, దోషమును మరల పుట్టింపగల ప్రోగ్రాము. 'మీ కంపైలరు పనికిరాదు' అను వాక్యమునకు ఏ చీటీ తగిలింపగలము?

ప్రోగ్రామును కుదించుట వీనిలో అన్నిటికంటె శ్రమ గలది. పదివేల పంక్తుల ప్రోగ్రాములో దోషము కనబడినదనుకొందము. సగము తీసివేసి చూడవలెను. దోషము ఇంకను కనబడినచో తీసివేసిన సగముతో దానికి పనిలేదు. మరల సగము తీయవలెను. ఇట్లు కుదించి కుదించి తుదకు పదిపదునైదు పంక్తులకు తేవచ్చును. సి-రెడ్యూస్ అను సాధనము ఈ పనిని తానే చేయగలదు. కుదింపబడని ఫిర్యాదునకు రస్ట్ వారు 'ఇ-నీడ్స్-ఎమ్.సి.వి.ఇ.' అను చీటీ తగిలించి, ఎవరైనను వచ్చి కుదించి పెట్టుడని కోరుదురు.

రిగ్రెషన్ ఏ మార్పుతో వచ్చినదో కనుగొనుటకును ఇట్టి ఉపాయమే. మంచి సంచికకు చెడ్డ సంచికకు నడుమ 1024 మార్పులు జరిగినవనుకొందము. ఒక్కొక్కటి పరీక్షించినచో వేయికి పైగా పరీక్షలు. నడిమిదానిని పరీక్షించినచో సగము పోవును. 512, 256, 128, 64, 32, 16, 8, 4, 2, 1. పది పరీక్షలతో దోషపు మార్పు దొరకును. ఎనిమిదవ తరగతి పిల్లలు రెండు యొక్క ఘాతములను కంఠస్థము చేయునప్పుడు "ఇది ఎందులకు?" అని అడుగుదురు. తల్లిదండ్రులు ఈ ఉదాహరణము చెప్పవచ్చును.

తెలుగు అక్షరము చూపిన దోషము

ఇందులో తెలుగువారికి పనియున్నదా అని సందేహింపవచ్చును. కంపైలరు కాకున్నను, దానికి దగ్గరి యుదాహరణ మొకటి పలువురికి జ్ఞాపకముండును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగు అక్షరమును, నడుమ కంటికి కనబడని ఒక విభజన చిహ్నముతో కూర్చి పంపినచో, ఐఫోనులలో ఆ సందేశమును చూపవలసిన ప్రోగ్రాము కుప్పకూలెను. ఆ నెలలోనే దిద్దుబాటు వెలువడెను. కాని మొదట వ్యాపించిన పేరు 'ఫోనును చంపు తెలుగు అక్షరము' అనునది. అది తప్పు పేరు. అక్షరము నిర్దోషి, దానిని గీయు ప్రోగ్రాములో దోషము. శ్రద్ధగలవారు కుదించి చూడగా బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాక్షరములతోను ఇదే జరుగునని తేలినది. పేరు సరిచేసిన పిమ్మట దోషపు పరిమాణము తెలిసినది.

కంపైలరులలోను ఇట్టివి కలవు. యు.టి.ఎఫ్-8 అను వాడుక పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు లిపిలోని ప్రతి గుర్తునకు మూడు బైట్లు కావలెను. 'తెలుగు' అను మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు గుర్తులున్నవి. అనగా 18 బైట్లు. ప్రతి అక్షరమును ఒకే బైటు అని భ్రమించి వ్రాసిన కంపైలరు భాగము, తప్పును చూపు బాణపు గుర్తును వేరొక చోట నిలుపును. లేదా అక్షరమును నడుమ ఖండించి తానే మూర్ఛిల్లును. మొదటిది డయాగ్నాస్టిక్; రెండవది ఐస్. బహుబైట్ల అక్షరములను ఖండించుటచే మూర్ఛిల్లిన ఫిర్యాదులు రస్ట్ కంపైలరుపై పలుమారులు వచ్చినవి. సి భాషలో చలరాశికి 'మొత్తము' అని నేరుగా తెలుగు లిపిలో పేరు పెట్టుటకు జి.సి.సి. చాలకాలము ఒప్పుకొనలేదు. ఆ కొరతను గూర్చి 2015లో చిట్టాకెక్కిన ఫిర్యాదు 2020లో వెలువడిన 10వ సంచికతో తీరినది.

ఇట్టి దోషములు ఆంగ్లమున మాత్రమే వ్రాయువానికి జన్మమున కనబడవు. చిన్న లిపులలో వ్రాయువానికి మొదటి దినముననే కనబడును. మన పిల్లలు రెండు మూడు లిపుల నడుమ పెరుగుచున్నారు. మనము దీనిని భారమని తలచుచున్నాము. ఈ పనిలో అది కన్ను.

క్రొత్తవారికి ద్వారము

ఎల్.ఎల్.వి.ఎమ్. వారు సులభమైన పనులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అను చీటీ తగిలింతురు. రస్ట్ వారికి 'ఇ-ఈజీ', 'ఇ-మెంటార్' అను చీటీలు కలవు. రెండవదానికి 'దారి చూపువారు సిద్ధముగా నున్నారు' అని అర్థము. కొన్ని చీటీలను క్రొత్తవారు సైతము యంత్రమునకు ఒక పంక్తి వ్రాసి తగిలింపవచ్చును. పాత ఫిర్యాదును తీసి, క్రొత్త సంచికలో ఆ దోషము ఇంకను ఉన్నదో లేదో పరీక్షించి తెలుపుటయు సేవయే. దీనికి రుసుము లేదు. ఊరు, వంశము అడుగువారు లేరు. కావలసినది ఓర్పు, ఖచ్చితమైన మాట.

ఒక్క సంగతిని దాచరాదు. ఈ ఫిర్యాదులు, చీటీలు ఆంగ్లములోనే యుండును. పిల్లలు ఆంగ్లమును శ్రద్ధగా నేర్వక తప్పదు. కాని 'ఏమి చేసితిని, ఏమి జరుగునని తలచితిని, ఏమి జరిగినది' అను మూడు ముక్కలను తెలుగులో స్పష్టముగా చెప్పలేనివాడు ఆంగ్లములో చెప్పలేడు. ఆ స్పష్టత ఇంటి భాషలోనే అలవడును.

ఇంట చేయదగిన అభ్యాసము

తల్లిదండ్రులు పిల్లలతో కలిసి వీనిని చేయవలెనని కోరుచున్నాము.

1. ఇంట ఏదైన వస్తువు చెడినప్పుడు "పాడయినది" అను మాటతో ఊరకొనక, పై మూడు ముక్కలుగా పిల్లలచే చెప్పించుడు.

2. అది ఎన్నడును సరిగా పనిచేయలేదా, నిన్నటి వరకు చేసి నేడు మానినదా అని అడుగుడు. రెండవదైనచో నిన్నటికి నేటికి నడుమ జరిగిన మార్పులను వ్రాయించుడు.

3. ఒకటి మొదలు నూరు వరకు గల సంఖ్యలలో ఒకటి తలచుకొని, సగము సగముగా అడిగించుడు. ఏడు ప్రశ్నలకు మించకుండ కనుగొనగలరు. ఎందుచేతనో పిల్లలచే చెప్పించుడు.

4. ప్రోగ్రెసు కార్డు తెచ్చినప్పుడు, మార్కు కంటె ముందు తప్పిన ప్రశ్నలను చూడుడు. ఏ జాతి ప్రశ్నలు తప్పినవి? ఏ భాషలో అడిగినవి? ఎప్పటి నుండి తప్పుచున్నవి? ఈ మూటిని మాకు వ్రాసి పంపుడు.

నాలుగవదానిని మేమును ఆచరించుచున్నాము. ఈ సంవత్సరము నుండి మా తరగతి పట్టికలో 'మందము' అను మాటను తీసివేసి, తప్పిన ప్రశ్న జాతికి ఒక గడి, ప్రశ్న భాషకు ఒక గడి, 'ఇంకను పరిశీలింపలేదు' అనుటకు ఒక గడి ఏర్పరచితిమి. పని పెరిగినది, సాయంకాలములు ఆలస్యముగా ఇండ్లకు చేరుచున్నాము. ఆ తల్లి కుమారుడు అర్ధ సంవత్సర పరీక్షలో వాక్యరూపపు లెక్కలు పదింట ఆరు చేసినాడు. నాలుగు తప్పినవి. వాని చీటీని ఇంకను మూయలేదు. ఆ తల్లి ఆనాడు సభలో లేచి అడుగక యుండినచో మాకు ఈ సంగతియే తెలియకపోవును. అందుచే తల్లిదండ్రులకు మా మనవి: మేము పెట్టిన పేరు తప్పని తోచినప్పుడు మొగమోటము లేక వచ్చి చెప్పుడు. వినుటకు సిద్ధముగా నున్నాము.